రక్తహీనత మర్మమెరిగిన లూసీ విల్స్

వ్యాధిని గుర్తించడం ఒక ఎత్తయితే, దాని మూలకారణాన్ని కనిపెట్టడం మరొక ఎత్తు. రక్తహీనత విషయంలో ఈ భేదాన్ని గ్రహించి, ఎందరో తల్లులకు ప్రాణదానం చేసిన వైద్యురాలు లూసీ విల్స్.

ఆమె 1888 మే 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సమీపంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివిన పిదప లండన్‌లో వైద్యవిద్యను అభ్యసించి, 1920లో వైద్యురాలయ్యారు.

1928లో ఆమె బొంబాయి చేరుకున్నారు. అక్కడి పేద గర్భిణులు, ముఖ్యంగా బట్టల మిల్లులలో పనిచేసే స్త్రీలు, తీవ్ర రక్తహీనతతో మరణిస్తుండేవారు. పాలిపోయిన ముఖం, ఆయాసం, నీరసం చూసి రక్తహీనత ఉన్నదని చెప్పవచ్చు. కాని, అది ఏ రకమైనదో ఆ లక్షణాలు తెలుపవు. అందుకే ఆమె రోగుల రక్తాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించారు. సాధారణంగా ఇనుము లోపించినప్పుడు ఎర్రకణాలు చిన్నవవుతాయి. ఈ స్త్రీలలో అవి మామూలుకంటె పెద్దవిగా ఉన్నాయి. కనుక లోపించినది మరేదో పదార్థమై ఉండాలి.

వ్యాధికి సూక్ష్మక్రిములు కారణమన్న అనుమానానికి ఆధారం దొరకలేదు. దానితో ఆమె దృష్టి రోగుల ఆహారంపైకి మళ్లింది. అందులో పండ్లు, కూరగాయలు, మాంసకృత్తులు స్వల్పం. అటువంటి ఆహారాన్నే ఎలుకలకు, కోతులకు పెట్టి ఆమె పరిశోధించారు. ఈస్టు సారంతో తయారైన మార్మైట్ అనే చవకైన పదార్థం ఇవ్వగానే రక్తం కోలుకుంది. గర్భిణులకూ అదే గుణమిచ్చింది. 1931లో ఈ ఫలితాలను ఆమె ప్రకటించారు. కూనూరులోను, మద్రాసులోని గోషా ఆసుపత్రిలోను కూడ ఆమె పరిశోధనలు సాగాయి.

ఈస్టులోని ఆ అజ్ఞాత పదార్థం విల్స్ ఫాక్టర్‌గా పేరొందింది. 1941లో శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. విల్స్ అన్వేషించినది దీనినేనని తరువాత తేలింది. కణ విభజనకు ఇది అత్యవసరం. ఇది కొరవడితే ఎముక మజ్జలోని కణాలు పెరుగుతాయే గాని సక్రమంగా విభజన చెందవు. 1945లో అమెరికాలో దీనిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి మార్గదర్శకుడు మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు కావడం విశేషం.

విల్స్ 1964 ఏప్రిల్‌లో కన్నుమూశారు. నేడు పల్లెటూరి ఆరోగ్యకేంద్రంలో సైతం గర్భిణికి ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర అందుతున్నది. పేదరాలి కంచంలోని లోటును ఆమె రక్తపుబొట్టులో చదివిన విల్స్ కృషికి అదే సజీవ స్మారకం.