రాక్స్‌బర్గ్ దొర, మన తునికి చెట్టు

మన బోటనీ లాబొరేటరీలో హెర్బేరియం షీట్లు తిరగేసిన వారికి మొక్క లాటిన్ పేరు చివర ‘రాక్స్‌బ్.’ అన్న పొట్టి మాట తరచు కనబడుతుంది. తునికి అంటే డయోస్పైరోస్ మెలనోజైలాన్ రాక్స్‌బ్. వేగిస అంటే టెరోకార్పస్ మార్సూపియం రాక్స్‌బ్. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తాం గాని, ఆ మాట వెనకనున్న మనిషి దాదాపు పన్నెండేళ్ళు మన గోదావరి సీమలో కాపురమున్నాడని ఎవరూ చెప్పరు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో జన్మించాడు. ఎడింబరోలో జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం ఒంటబట్టించుకున్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసులో దిగాడు. 1781లో సామర్లకోట దండుకు వచ్చాడు. వైద్యం ఉద్యోగమేగాని మనసంతా మొక్కల మీదే. తోట వేసి కాఫీ, మిరియం, దాల్చినచెక్క, మల్బరీ పెంచి చూశాడు. ఇదంతా మన రైతు మీద ప్రేమతో కాదు, కంపెనీకి నాలుగు రాళ్ళు మిగలాలని. ఆ సంగతి దాచి ఆయన్ని పొగడటం నాకిష్టం లేదు.

1787 ముంపులో ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు పోయాయి. ఇంకొకడైతే మూటాముల్లే సర్దుకునేవాడు. ఈయన మళ్ళీ మొదటి ఆకు నుంచి మొదలుపెట్టాడు.

వాతావరణం లెక్కలు రాసిపెట్టడం ఆయనకు అలవాటు. 1789 తర్వాత వానలు వరసగా తప్పి సర్కారు జిల్లాలు కరువు పాలైనప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. వాన తప్పినా మనుషులకు తిండి దొరకాలంటే కొబ్బరి, పనస వంటి చెట్లు విరివిగా నాటించాలని పైవాళ్ళకు రాశాడు. ఆకాశం వంక చూసి సేద్యం చేసే ఇంట పుట్టాను గనక నాకు ఆయన జీవితంలో ఈ ఘట్టమే అన్నిటికన్నా పెద్దదిగా తోస్తుంది.

మన దేశపు చిత్రకారుల చేత వందలాది మొక్కల బొమ్మలు వేయించాడు. ఇక్కడి జనాన్ని అడిగి పేర్లు, ఉపయోగాలు రాసుకున్నాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి లండనులో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేర అచ్చయ్యాయి. పుస్తకం మీద దొర పేరుంది. బొమ్మ గీసినవాడి పేరూ, చెట్టు పేరు చెప్పినవాడి పేరూ లేవు. కాని చెట్టు పేరు మాత్రం నిలిచింది. జ్వరానికి బెరడు వాడే మన సోమిద చెట్టుకు 1830లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ‘సోయ్‌మిడా’ అనే ప్రజాతి నామమే పెట్టాడు.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. మన విజ్ఞానయాత్రలో హౌరా దగ్గర శిబ్‌పూరులో, హుగ్లీ ఒడ్డున చూసింది ఆ తోటే. 273 ఎకరాలు, 2009 నుంచి జగదీశ్ చంద్ర బోసు పేరుతో ఉంది. మనవాళ్ళంతా పెద్ద మర్రి దగ్గర ఫోటోలకు ఎగబడ్డారు. తప్పులేదు, అసలు మాను 1925లో తీసేసినా ఊడల మీదే అడవిలా నిలబడ్డ చెట్టు అది. కాని రాక్స్‌బర్గ్ స్మారకం దగ్గరికి వచ్చింది ముగ్గురమే.

ఆరోగ్యం చెడి 1813లో ఆయన ఇండియా విడిచాడు. తోటలోని సుమారు 3,500 జాతుల జాబితాను మరుసటి ఏడు విలియం కేరీ సేరంపూరులో అచ్చు వేశాడు. 1815లో ఎడింబరోలో రాక్స్‌బర్గ్ కన్నుమూశాడు. తన ‘ఫ్లోరా ఇండికా’ను అచ్చులో చూసుకోలేకపోయాడు, అది పూర్తిగా వెలువడింది 1832లో. అందులో చాలా మొక్కలకు లాటిన్ పేరుతోపాటు తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. సెలవుల్లో కొన్ని చదివి వినిపిస్తే, మా నాన్న బొమ్మ అడక్కుండానే ఏ చెట్టు ఏ గట్టు మీదుందో చెప్పుకుంటూ పోయాడు.