వినయమే విద్యగా... బిషప్ అజరయ్య

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాలలో తెలుగు, తమిళం ఇరుగుపొరుగు ఇళ్లలో వినిపించే భాషలు. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరిన తరువాత కూడా ఇక్కడి తెలుగువారు తమ భాషను నిలుపుకొన్నారు. పొరుగువారి భాషను ప్రేమతో నేర్వడం ఎంతటి సేవకు దారితీస్తుందో తెలిపే జీవితం, తమిళునిగా జన్మించి తెలుగు నేలపై కన్నుమూసిన వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారిది.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళైలో జన్మించారు. తండ్రి గ్రామ గురువు. ఎన్నో ఏండ్ల ప్రార్థనల ఫలంగా పుట్టిన బిడ్డ కనుక తల్లిదండ్రులు సామ్యూల్ అని పేరు పెట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన ఆయనకు పట్టా చేతికి రాలేదు. అయినా నిరాశ చెందక 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవ ప్రారంభించారు.

1909లో ఆ పదవిని విడిచి, నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు కుటుంబంతో తరలివచ్చారు. అక్కడి నిరుపేదలకు బోధించాలంటే ముందుగా తాను విద్యార్థి కావాలి. ముప్పది అయిదేండ్ల వయసులో తెలుగు నేర్వడానికి ఆయన చిన్నతనపడలేదు. సమాజం అంటరానివారని దూరముంచిన వారి మధ్యనే నివసించి, వారి మాటలోనే ప్రార్థించారు.

వినయమంటే బలవంతుల ఎదుట మౌనం వహించడం కాదని కూడా ఆయన చూపారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులను సమానులైన మిత్రులుగా చూడడం లేదని నిర్భయంగా చెప్పారు. ఆ మాట కొందరికి కష్టం కలిగించింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవినందిన తొలి భారతీయుడయ్యారు.

కృతజ్ఞతను ఆయన మాటలకు పరిమితం చేయలేదు. పేదవారు సైతం ఇవ్వగలరని నమ్మి, వంటకు తీసిన బియ్యంలో పిడికెడు దేవుని కొరకు వేరుచేసే అలవాటును ప్రోత్సహించారు. పుచ్చుకొనే చేయి ఇచ్చే చేయి అయినప్పుడే ఆత్మగౌరవం నిలుస్తుందన్నది అందులోని పరమార్థం. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్లు దేవాలయంలో హిందూ, ముస్లిం శిల్పరీతులకూ చోటిచ్చి, తాము పుట్టిన నేలకు ఋణం తీర్చుకొన్నారు.

1945 జనవరి 1న దోర్నకల్లులోనే ఆయన పరమపదించారు. ఆయన పాటుపడిన సంఘైక్యం 1947లో దక్షిణ ఇండియా సంఘంగా రూపొందింది. ఫలాన్ని చూడకుండానే విత్తనం నాటిన వారి జీవితాన్ని తలచుకోవడం ఉపాధ్యాయులకు ఓర్పునూ, విద్యార్థులకు వినయాన్నీ నేర్పుతుంది.