యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలకు శక్తి ఏ విధంగా అందుతుందో వివరించే పరిశోధనలతో శరీర ధర్మ శాస్త్రానికి మౌలికమైన సేవ చేశాడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి మందు, టెట్రాసైక్లిన్ వర్గపు మొదటి యాంటీబయాటిక్ ఈయన నేతృత్వంలోని బృందాల కృషి ఫలితాలు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. రాజమండ్రిలో చదివే రోజుల్లో డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడనీ, తల్లి వెనక్కు రప్పించిందనీ చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేశాక రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నాడు గాని తల్లి అంగీకరించలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. చదువు ఖర్చులకు మిత్రులతో పాటు, తరువాత ఈయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సహాయం చేశాడు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది.

గాంధీజీ పిలుపుకు స్పందించి సుబ్బారావు ఖద్దరు ధరించేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. వ్రాత పరీక్షలలో బాగా రాణించినప్పటికీ ఎం.బి.బి.ఎస్.కు బదులుగా తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడు

మద్రాసు వైద్య సేవలో ఉద్యోగానికి ప్రయత్నించి విఫలుడైన సుబ్బారావు, ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర ఉపన్యాసకునిగా చేరాడు. ఎముకలు, కండరాలు, నాడులు, అవయవాల అమరికను తెలిపేది శరీర నిర్మాణ శాస్త్రం కాగా, అవి పనిచేసే తీరును వివరించేది శరీర ధర్మ శాస్త్రం. మొదటిదానిని బోధించిన సుబ్బారావు తరువాతి కాలంలో రెండవదానిలో చిరస్మరణీయమైన కృషి చేశాడు.

ఈయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో స్వల్ప వ్యవధిలోనే మరణించారు. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహార సారాన్ని గ్రహించలేకపోవడంతో రోగి రక్తహీనతతో క్షీణిస్తాడు. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకగా లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరిశీలించాలని సంకల్పించాడు. ఆ దశలో ఒక అమెరికన్ వైద్యునితో పరిచయం కలిగి, విదేశంలో ఉన్నత విద్యాభ్యాసానికి సిద్ధమయ్యాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఆర్థిక సహాయం అందించారు.

హార్వర్డులో పరిశోధనలు

1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాడు. జీవనోపాధికై ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని కూడా చేశాడు. అనంతరం సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో ప్రచురితమైన ఇది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది.

ఆ కాలంలో కండర సంకోచానికి శక్తి ల్యాక్టిక్ ఆమ్లం ఏర్పడడం వల్లనే లభిస్తుందని భావించేవారు. కండరాల పనిపై పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందారు. 1927లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం పనిచేసినప్పుడు ఇది విడిపోతుంది, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఎ.టి.పి.)ను వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని స్వతంత్రంగా కనుగొన్నాడు. జీవకణాలు శక్తిని ఖర్చుపెట్టేది ప్రధానంగా ఎ.టి.పి. రూపంలోనే. పరుగు ప్రారంభించిన తొలి కొద్ది సెకన్లలో తరిగిన ఎ.టి.పి.ని ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే భర్తీ చేస్తుంది. నేడు శరీర ధర్మ శాస్త్ర ప్రారంభ పాఠాలలో ఈ విషయం తప్పక కనిపిస్తుంది.

1930లో సుబ్బారావు పి.హెచ్.డి. పట్టా పొందాడు. అయినా హార్వర్డులో శాశ్వత ఆచార్య పదవి లభించలేదు.

లెడర్లీలో ఔషధాల రూపకల్పన

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు నేతృత్వం వహించాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఎముక మూలుగలో రక్తకణాలు సక్రమంగా ఏర్పడడానికి ఈ విటమిను అవసరం. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సలో ఇది ఉపయోగపడింది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా ఈ బృందం తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగా వ్యాధి తగ్గినట్లు 1948లో ప్రకటించాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరు, కీళ్ళవాతం చికిత్సలో వాడుకలో ఉంది.

గోదావరి ప్రాంతాన్ని పీడించిన బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజిన్ 1947లో వెలువడింది. ఈయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెల్లడైంది.

మరణం, గుర్తింపు

1948 ఆగష్టు 8న నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అమెరికా వెళ్ళిన తరువాత తిరిగి స్వదేశానికి రాలేదు, భార్యను మరల చూడలేదు. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది.