తల్లి రక్తం, బిడ్డ రక్తం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగు నేల గర్వించదగిన శాస్త్రవేత్తలలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు ముఖ్యులు. ఆయన పేరు మనలో చాలామందికి తెలియకపోవచ్చు. కానీ ఆయన కృషి ఫలితం మన చేతిలోకి వస్తూనే ఉంది. బడి పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలోను, గర్భవతులకు ఇచ్చే ఎర్ర మాత్రలోను ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు ఆయనే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పేదరికం. చదువు మీద మనసు నిలవక, పదమూడేళ్ళ వయసులో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని కాశీకి బయలుదేరారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. పరీక్ష తప్పగానే పుస్తకాలు మూట కట్టి ఇంటికి పోదామనుకునే మన మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యునికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. అదే కాలంలో ఆయన సోదరుడు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి, మనిషి క్షీణించిపోయే జబ్బు అది. అప్పుడు దానికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో, దాతల సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లను కూడా వారు వెలికితీశారు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరి, తరువాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఫోలిక్ ఆమ్లం విలువ తెలియాలంటే తల్లి కడుపులో బిడ్డ రక్తం ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలి. తల్లి రక్తమే బిడ్డ ఒంట్లో పారుతుందని మన ఊళ్ళలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గర్భం నిలిచిన సుమారు మూడు వారాలకే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. బిడ్డ రక్తం వేరు, తల్లి రక్తం వేరు. రెండూ మాయ దగ్గర పలుచని పొరకు అటూ ఇటూ ప్రవహిస్తాయి. ప్రాణవాయువు, ఆహారం ఆ పొర దాటి బిడ్డకు అందుతాయి. బొడ్డుతాడులోని ఒక సిర మంచి రక్తాన్ని బిడ్డకు తెస్తుంది. రెండు ధమనులు చెడు రక్తాన్ని మాయకు తీసుకుపోతాయి.

కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు గనుక ఊపిరితిత్తులకు ఎక్కువ రక్తం అవసరం లేదు. అందుకే గుండె పై గదుల మధ్య ఒక చిన్న ద్వారం, ఊపిరితిత్తులకు పోయే ధమని నుండి బృహద్ధమనికి ఒక అడ్డదారి ఉంటాయి. బిడ్డ పుట్టి మొదటి శ్వాస తీయగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, రక్తం అటు మళ్ళుతుంది. ద్వారానికున్న పొర మూసుకుంటుంది. అడ్డదారి సాధారణంగా రెండు మూడు రోజుల్లో మూతపడుతుంది. అలా మూతపడని కొందరు పిల్లలకు గుండె వైద్యం అవసరమవుతుంది.

ఇంత పెద్ద పనికి తల్లి ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరగాలి. బిడ్డ కూడా కొత్త రక్తకణాలు చేసుకోవాలి. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది తక్కువైతే తల్లికి రక్తహీనత వస్తుంది. గర్భం నిలిచిన మొదటి నెలలోనే బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే చోట లోపం కూడా రావచ్చు.

బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భవతుల రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు పరిశీలించారు. ఈస్ట్ నుండి తీసిన సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించారు. అందులోని అసలు పదార్థానికి 1941లో, పాలకూర నుండి వేరు చేసినప్పుడు, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. కానీ బస్తాల కొద్దీ ఆకు నుండి చిటికెడు కూడా వచ్చేది కాదు. సుబ్బారావు గారి బృందం 1945లో దానిని రసాయనాలతో తయారు చేసి అందరికీ అందేలా చేసింది. తన సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా అది మందయింది.

బోదకాలు వ్యాధికి వాడే మందు, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశిని కూడా ఆయన నాయకత్వంలోనే వచ్చాయి. అయినా ఆయన పేరును ముందు పెట్టుకోలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, అమెరికాలోనే కన్నుమూశారు. వదలివచ్చిన భార్యను, తల్లిని మళ్ళీ చూడలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఇక మన సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. వానాకాలంలో వాగులు పొంగితే ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గూడేల నుండి ఆసుపత్రికి చేరడమే కష్టం. ముందే రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకుంటే వికారంగా ఉంటుందని, మలం నల్లగా వస్తుందని మన అక్కలు, వదినలు పారేస్తుంటారు. మలం నల్లబడడం ఇనుము వల్లనే, భయం లేదు. వికారం అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. పుంటికూర, పాలకూర, గంగవాయిలి కూర, శనగలు, పల్లీలు తినాలి. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోయకూడదు. బిడ్డ పుట్టగానే కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు కత్తిరిస్తే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ నాలుగు మాటలు మన ఇంట్లో, మన వాడలో చెబుదాం. సుబ్బారావు గారికి మనం చేయగల నివాళి అదే.