విరిగిన కాలు, చేతికందిన పుస్తకం: చదువును ప్రార్థనగా మలిచిన ఇగ్నేషియస్ లొయోలా

1521 మే 20. స్పెయిన్ ఉత్తరాన పాంప్లోనా కోటపై ఫ్రెంచ్ ఫిరంగులు పేలుతున్నాయి. లొంగిపోదామని తోటివారు చెప్పినా వినకుండా పోరాడుతున్న ముప్పై ఏళ్ల బాస్క్ యోధుడికి ఒక గుండు తగిలింది. కుడికాలి ఎముక విరిగింది, ఎడమ కాలికీ గాయమైంది. ఆయన పేరు ఇనిగో. ప్రపంచానికి తర్వాత తెలిసిన పేరు ఇగ్నేషియస్ లొయోలా.

గెలిచిన ఫ్రెంచివారే ఆయన్ను డోలీలో ఇంటికి పంపారు. అతికిన ఎముక వంకర పోవడంతో మళ్లీ విరిచి కట్టారు. మోకాలి దిగువన ఎముక పొడుచుకొచ్చింది. దానివల్ల బిగుతైన బూట్లు తొడుక్కోవడం కుదరదని, మత్తుమందులు లేని ఆ రోజుల్లో ఆయన దాన్ని కోయించుకున్నారు. అప్పటికి ఆయన కలలన్నీ కత్తి, కీర్తి, ఒక గొప్పింటి స్త్రీ చుట్టూనే తిరిగేవి.

వదిన ఇచ్చిన పుస్తకాలు

మంచం మీద పొద్దుపోక వీరగాథలు అడిగారు. ఇంట్లో అవి లేవు. వదిన మాగ్దలేనా ఇచ్చినవి పునీతుల జీవితాల సంపుటి, లుడాల్ఫ్ అనే జర్మన్ సన్యాసి 14వ శతాబ్దంలో రాసిన క్రీస్తు చరిత్ర. లుడాల్ఫ్ సువార్త ఘట్టాలను కథలా చెప్పి ఊరుకోడు. ఆ చోట నువ్వూ ఉన్నట్టు చూడు, విను అంటూ పాఠకుడిని లోపలికి పిలుస్తాడు.

ఈ పద్ధతి వెనుక పాత సంప్రదాయం ఉంది. క్రైస్తవ మఠాల్లో లేఖనాన్ని కొద్దికొద్దిగా, నెమ్మదిగా, నెమరువేసినట్టు చదవడాన్ని ‘లెక్సియో దివీనా’, అంటే దివ్య పఠనం, అంటారు. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే కార్తూసియన్ మఠాధిపతి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పారు: పఠనం, మననం, ప్రార్థన, మౌన ధ్యానం. శ్రవణ, మనన, నిదిధ్యాసనాలు తెలిసిన భారతీయ పాఠకుడికి ఈ వరుస మరీ కొత్తేమీ కాదు. లుడాల్ఫ్‌ కూడా కార్తూసియన్ మఠంలో జీవించినవాడే.

చదువుతూ ఇనిగో ఒక సంగతి గమనించారు. యుద్ధాలు, ప్రేమల గురించి కలలు కన్నప్పుడు ఆ కాసేపూ హాయిగా ఉండేది, ఆపై మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే ఆ సంతోషం తర్వాత కూడా నిలిచేది. ఏ ఊహ ఎక్కడికి తీసుకెళ్తోందో కనిపెట్టడమే ఆయన బోధనకు పునాది అయింది.

1522లో మోన్సెరాత్ మేరీమాత సన్నిధిలో కత్తి వదిలేసి, పక్కనున్న మాన్రేసాలో దాదాపు పది నెలలు గడిపారు. రోజుకు ఏడు గంటల ప్రార్థన, భిక్షాటన, కఠిన ఉపవాసం. చేసిన పాపాలనే పదేపదే తలచుకుని కుమిలి, ఒక దశలో ప్రాణం తీసుకోవాలన్న తలంపుకూ లోనయ్యారు. ఆ చీకటి దాటాక రాసుకున్న గమనికలే క్రమంగా ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే చిన్న పుస్తకమయ్యాయి.

ఊహే ద్వారం

అది చదివే పుస్తకం కాదు, సుమారు ముప్పై రోజులు ఒక మార్గదర్శి సాయంతో చేసే సాధన. క్రీస్తు జననం ధ్యానాంశమైతే నజరేతు నుంచి బేత్లెహేముకు దారి ఎంత పొడవో, మిట్టపల్లాలెలా ఉన్నాయో ముందు ఊహించాలి. ఆ గుహలో తాను చిన్న పనివాడిగా నిలబడి సేవ చేయాలి. ఎంత తెలుసుకున్నామన్నది కాదు, ఎంత రుచి చూశామన్నది ముఖ్యం. మనసు కదిలిన చోటికే మళ్లీ వెళ్లాలి. ఒక్కో శ్వాసకు ప్రార్థనలోని ఒక్కో మాటను మననం చేసే పద్ధతి కూడా అందులో ఉంది.

ఈ తపన ఆయన్ను 1523లో జెరూసలేముకు నడిపించింది. అక్కడ ఓలివ్ కొండ మీద క్రీస్తు పాదముద్రలని చెప్పే రాయి ఉంది. ఏ పాదం ఎటు తిరిగి ఉందో సరిచూసుకోవడానికి కాపలావాళ్లకు తన చాకును, తర్వాత కత్తెరను లంచంగా ఇచ్చి మరీ చూసి వచ్చారు.

చెరసాల, చదువు

చదువులేని ఒక గృహస్థుడు ఇతరులకు ప్రార్థన నేర్పడం చర్చి అధికారులకు అనుమానం కలిగించింది. అంతరంగంలో దేవుడు నేరుగా మాట్లాడతాడనే బృందాలపై స్పెయిన్‌లో అప్పుడు గట్టి నిఘా ఉంది. అల్కలాలో 42 రోజులు, సలమాంకాలో 22 రోజులు ఆయన్ను నిర్బంధించారు. తప్పేమీ దొరకలేదు. అయినా చదువు పూర్తయ్యేదాకా కొన్ని విషయాలు బోధించవద్దని ఆంక్ష పెట్టారు. అప్పటికే బార్సిలోనాలో పిల్లల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకున్న ఆయన 1528లో పారిస్ చేరారు.

అక్కడ గదిలో తోడున్నవారు పీటర్ ఫేబర్, ఫ్రాన్సిస్ జేవియర్. 1534 ఆగస్టు 15న ఏడుగురు మిత్రులు మోన్మార్త్‌లో ప్రతిజ్ఞ చేశారు. 1540లో మూడో పాల్ పోప్ యేసు సభను ఆమోదించారు. 1548లో సాధనల పుస్తకానికీ ఆమోదం లభించింది. ఒకప్పుడు అనుమానించిన పుస్తకాన్ని చర్చి తనదిగా చేసుకుంది. ఇగ్నేషియస్ కూడా అందులో చర్చికి విధేయంగా ఆలోచించే నియమాలు చేర్చారు. అంతరంగ స్వేచ్ఛ, సంస్థ పట్ల విధేయత ఒకే పుస్తకంలో ఇమిడాయి.

ఆ రెండింటి మధ్య ఒత్తిడి భారతదేశానికీ చేరింది. 1542 మే 6న గోవాలో దిగిన జేవియర్, నాలుగేళ్ల తర్వాత అక్కడ ఇంక్విజిషన్ పెట్టమని పోర్చుగల్ రాజును కోరారు. 1560లో అది వచ్చేనాటికి గురుశిష్యులిద్దరూ లేరు. విచారణల చేదు రుచిచూసిన గురువు, విచారణను ఆహ్వానించిన శిష్యుడు: యేసు సభ వారసత్వంలో ఈ రెండూ ఉన్నాయి.

18వ శతాబ్దంలో ఫ్రెంచ్ జెస్యూట్లు రాయలసీమలో పనిచేశారు. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల పేరులో ఆయన ఇంటిపేరు నేటికీ వినిపిస్తుంది.

1556 జులై 31న రోమ్‌లో ఇగ్నేషియస్ కన్నుమూశారు. 1622లో జేవియర్‌తో పాటు పునీతుడిగా ప్రకటించారు. జీవితాంతం కుంటుతూనే నడిచిన ఆయన, పండితులకే పరిమితమనుకున్న లేఖనంలోకి సామాన్యుడు తన ఊహతో అడుగుపెట్టే దారి చూపి వెళ్లారు.