డ్రాక్యులాను సృష్టించిన బ్రామ్ స్టోకర్

రాత్రివేళ శవపేటికలోంచి లేచి మనుషుల రక్తం తాగే డ్రాక్యులా గురించి మీరు వినే ఉంటారు. సినిమాలో చూసి కూడా ఉండవచ్చు. కాని ఆ పాత్రను సృష్టించిన బ్రామ్ స్టోకర్ పేరు చాలామందికి తెలియదు. అంతటి భయం ఆయన ఊహలోకి ఎక్కడినుంచి వచ్చింది? ఆయన జీవితాన్ని పరిశీలిస్తే మీకే తెలుస్తుంది.

స్టోకర్ 1847 నవంబరు 8న ఐర్లాండ్‌లో, డబ్లిన్ నగరం దగ్గరి క్లాంటార్ఫ్‌లో జన్మించాడు. అప్పుడు ఐర్లాండ్ బ్రిటిష్ పాలనలో ఉండేది. బంగాళాదుంప పంటకు తెగులు సోకి 1845లో మొదలైన కరవులో అక్కడ సుమారు పది లక్షలమంది మరణించారు. స్టోకర్ తండ్రి ప్రభుత్వోద్యోగి. బాలుడు మాత్రం ఏదో జబ్బుతో ఏడేళ్ల వయసు వరకు ఎక్కువ కాలం మంచం మీదే గడిపాడు.

ఆ రోజుల్లో తల్లి షార్లెట్ అతనికి కథలు చెప్పేది. వాటిలో కొన్ని ఆమె కళ్లారా చూసినవే. 1832లో ఆమె ఊరు స్లైగోలో కలరా వ్యాపించి వందలమంది చనిపోయారు. కొందరిని ప్రాణం పోకముందే పాతిపెట్టారని ఆమె చెప్పేది. 1817లో గంగానది డెల్టా ప్రాంతంలో విజృంభించిన కలరా, తరవాతి సంవత్సరాల్లో ఓడలవెంట, సైన్యాలవెంట యూరప్‌కు చేరింది. కలుషితమైన నీటివల్ల అది వస్తుందని అప్పటికి తెలియదు. అందుకే బయటివారిని చూస్తేనే జనం భయపడేవారు.

స్టోకర్ కోలుకుని, ట్రినిటీ కళాశాలలో చదువుతూ మంచి క్రీడాకారుడయ్యాడు. తరవాత తండ్రిలాగే ప్రభుత్వోద్యోగంలో చేరాడు. తీరిక వేళల్లో జీతం తీసుకోకుండానే ఒక పత్రికకు నాటక సమీక్షలు రాసేవాడు. ఆ సమీక్షల ద్వారానే ప్రసిద్ధ నటుడు హెన్రీ ఇర్వింగ్‌తో స్నేహం కుదిరింది. 1878లో లండన్ వెళ్లి, ఇర్వింగ్ నడిపే లైసియం నాటకశాలకు మేనేజరయ్యాడు. ఊపిరాడని ఆ పనిమధ్యనే ఆయన రచనలు సాగించాడు.

1890 వేసవిలో విట్బీ అనే సముద్రతీర పట్టణంలోని గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం చదువుతుండగా ఆయనకు డ్రాక్యులా అనే పేరు దొరికింది. సుమారు ఏడేళ్ల కృషి తరవాత, 1897లో నవల వెలువడింది. కథ మొదలయ్యే ట్రాన్సిల్వేనియాను ఆయన ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు ఈ విషయం గమనించండి. నవలలో డ్రాక్యులా లండన్‌లో ఇల్లు కొని, ఓడలో ఇంగ్లండు చేరతాడు. అతని కాటు అంటువ్యాధిలా ఒకరినుంచి మరొకరికి పాకుతుంది. అదే కాలంలో తూర్పు యూరప్‌నుంచి వేలాది పేద యూదులు లండన్‌కు వలస వస్తున్నారు. వారిపై అక్కడ వ్యతిరేకత పెరుగుతోంది. ఎన్నో దేశాలను ఆక్రమించి పాలిస్తున్న సమాజమే, బయటివారు తమ గడ్డపై అడుగుపెడితే ఏమవుతుందోనని భయపడింది. ఆ భయానికి నవలలో ఒక రూపం వచ్చింది.

స్టోకర్ చివరి సంవత్సరాలు అనారోగ్యంతో, డబ్బు ఇబ్బందులతో గడిచాయి. ఆయన 1912 ఏప్రిల్ 20న లండన్‌లో మరణించాడు. డ్రాక్యులాకు ప్రపంచ ప్రఖ్యాతి నాటకాలు, సినిమాల ద్వారా ఆ తరవాతే వచ్చింది.

ఆలోచించండి: మీ ప్రాంతంలో అంటువ్యాధి వచ్చినప్పుడు జనం ముందుగా ఎవరిని అనుమానించారు? ఆ అనుమానానికి ఆధారం ఉందా? లేక భయమే కారణమా? మీ అభిప్రాయాన్ని ఐదారు వాక్యాల్లో రాయండి.