పదకొండు సిక్సర్ల నాయుడు గారు

పిల్లలూ, మీలో క్రికెట్ చూసేవాళ్ళకి విరాట్ కోహ్లీ, రోహిత్ శర్మ బాగా తెలుసు. ఇంట్లో తాతగారు ఉంటే గవాస్కర్, కపిల్ దేవ్ పేర్లు కూడా వినే ఉంటారు. మరి వీళ్ళందరికంటే ముందు, ఇండియా టెస్ట్ జట్టుకి మొట్టమొదటి కెప్టెన్ ఎవరో చెప్పగలరా? ఆయన మన తెలుగాయనే! పేరు సి.కె. నాయుడు.

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. కొఠారి అంటే 'కె' రావాలి కదా, 'సి' ఎలా వచ్చింది అని మీకు అనుమానం రావచ్చు. వాళ్ళ ఇంటిపేరుని ఇంగ్లీషులో 'సి'తో రాసుకునేవారు, అంతే. మీ ఇంటిపేరుని కూడా మీ బళ్ళో ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతారు కదూ!

ఇంకో సంగతి. మీలాగే ఆయన కూడా తెలుగు నేలకి దూరంగా పుట్టారు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టారు. అది ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది.

అప్పట్లో మన దేశాన్ని ఇంగ్లీషువాళ్ళు పాలించేవారు. క్రికెట్ కూడా వాళ్ళ ఆటే. బొంబాయిలో ప్రతి ఏడూ పెద్ద పోటీ జరిగేది. అందులో జట్లు మతాన్ని బట్టి ఉండేవి. హిందువులది ఒక జట్టు, పార్సీలది ఒకటి, ముస్లింలది ఒకటి, యూరోపియన్లది ఒకటి. ఇప్పుడు వింటే మనకి వింతగా ఉంటుంది. 1916లో నాయుడు గారు హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటిసారి ఆడారు. ఆయన బ్యాట్ పట్టుకుని లోపలికి వచ్చేసరికి స్కోరు 79, అప్పటికే ఏడుగురు అవుట్. కొత్త కుర్రాడు కదా, కాళ్ళు వణకాలి. మొదటి మూడు బంతులూ జాగ్రత్తగా ఆపారు. నాలుగో బంతిని సిక్స్ కొట్టారు!

ఆయన ఆట తీరంతా ఆ నాలుగు బంతుల్లోనే ఉంది. పొడవైన మనిషి, నిటారుగా నిలబడేవారు. బౌలర్ని ఒకసారి బాగా గమనించి, ఆ తర్వాత క్రీజు వదిలి ముందుకి వచ్చి, బంతిని బౌలర్ తల మీదుగా ఎత్తి కొట్టేవారు. ఇప్పుడు టీ20లో సిక్సులు మనకి మామూలే. కానీ ఆ రోజుల్లో హెల్మెట్ లేదు, ఇప్పటిలాంటి బరువైన బ్యాట్లూ లేవు. బంతిని నేల మీదే కొట్టాలి, గాల్లోకి లేపితే తప్పు అని నేర్పేవారు. నాయుడు గారు మాత్రం హాయిగా గాల్లోకే లేపేవారు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 1926లో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. అనే పెద్ద జట్టు వచ్చింది. ఆర్థర్ గిల్లిగన్ దానికి కెప్టెన్. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. ముందు వాళ్ళు ఆడారు. గై ఎర్ల్ అనే ఆయన 8 సిక్సర్లు కొట్టి 130 పరుగులు చేశారు. ఇంక మనవాళ్ళ పని అయిపోయినట్టే అని చాలామంది అనుకుని ఉంటారు. మర్నాడు నాయుడు గారు బ్యాటింగ్‌కి దిగారు. ఒకటి, రెండు, మూడు... మొత్తం 11 సిక్సర్లు! రెండు గంటలు కూడా నిండకుండా 153 పరుగులు. ఒక బంతి అయితే వెళ్ళి జింఖానా కప్పు మీద పడింది. ఈ కబురు ఊళ్ళో పాకిపోయి, జనం పనులు మానేసి మైదానానికి పరిగెత్తుకొచ్చారని చెబుతారు. ఎం.సి.సి. వాళ్ళే ముచ్చటపడి ఆయనకి వెండి బ్యాటు బహుమతి ఇచ్చారు.

ఆ బ్యాటు కన్నా పెద్ద లాభం ఇంకొకటి జరిగింది. ఇండియా వాళ్ళు టెస్టులు ఆడగలరని గిల్లిగన్‌కి నమ్మకం కుదిరింది. మీకంటూ ఒక బోర్డు పెట్టుకోండని ఇక్కడివాళ్ళని ప్రోత్సహించారు. 1928లో బోర్డు వచ్చింది. 1932లో ఇండియా మొదటి టెస్ట్ ఆడింది, లండన్‌లోని లార్డ్స్‌లో.

ఆ టూర్‌కి కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజుని పెట్టారు. అప్పట్లో కెప్టెన్ అంటే రాజుగారే ఉండాలని ఒక పట్టింపు. మహారాజు మంచివారు, టెస్ట్ రోజు తను పక్కకి తప్పుకున్నారు. అలా నాయుడు గారు కెప్టెన్ అయ్యారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలింది. అయినా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే ఎక్కువ. మ్యాచ్ ఓడిపోయాం. ఆ టూర్ మొత్తంలో మాత్రం ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు కూడా తీశారు. మరుసటి ఏడు విజ్డెన్ అనే పేరున్న క్రికెట్ పుస్తకం ఆయన్ని ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఎంచింది.

1936లో మళ్ళీ ఇంగ్లండ్ టూర్. ఈసారి కెప్టెన్ ఎవరు? నాయుడు గారు కాదు. విజ్జీ అని పిలిచే విజయనగరం మహారాజకుమార్. ఆయనా మన తెలుగు ప్రాంతం వారే, కానీ ఆట అంతంత మాత్రం. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. ఇది అన్యాయమే అని నాకనిపిస్తుంది. అయినా నాయుడు గారు జట్టు వదిలి వెళ్ళలేదు. ఓవల్‌లో చివరి టెస్ట్. ఆయనకి నలభై ఏళ్ళు. గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. సర్దుకుని నిలబడి 81 పరుగులు చేశారు. ఇండియా ఇన్నింగ్స్ తేడాతో ఓడకుండా తప్పించుకుంది.

మీరు ఫోన్‌లో ఆయన లెక్కలు వెతికితే 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25 అని కనిపిస్తుంది. ఇంతేనా అని పెదవి విరవకండి. 1932 నుంచి 1936 దాకా ఇండియా ఆడినవే 7 టెస్టులు. ఆ ఏడింటిలోనూ ఆయన ఉన్నారు. మొదటి టెస్ట్ ఆడేనాటికే ఆయనకి 36 ఏళ్ళు! ఆ వయసులో ఇప్పుడు చాలామంది రిటైర్ అయిపోతారు.

ఆయన మాత్రం ఆగలేదు. ఇందోర్ మహారాజు హోల్కర్ ఆయన్ని పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. అందుకే కల్నల్ నాయుడు అంటారు. హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. ఒకసారి బొంబాయితో ఫైనల్. దత్తు ఫడ్కర్ వేసిన బంతి తగిలి ఆయన పళ్ళు రెండు ఊడిపోయాయి. అప్పుడాయన వయసు యాభై దాటింది. ఊడిన పళ్ళని పిచ్ మీంచి పక్కకి తోసేసి మళ్ళీ బ్యాట్ పట్టుకున్నారు. (మీరు ఇలా చేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి!)

ఆంధ్ర జట్టు 1953లో మొదటిసారి రంజీ ఆడినప్పుడు కెప్టెన్‌గా నడిపించిందీ ఆయనే. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. వాళ్ళ అమ్మాయి చంద్ర నాయుడు రేడియోలో క్రికెట్ కామెంటరీ చెప్పిన తొలి మహిళల్లో ఒకరు.

1967 నవంబర్ 14న ఇందోర్‌లో నాయుడు గారు కన్నుమూశారు. 1994 నుంచి క్రికెట్ బోర్డు పెద్ద ఆటగాళ్ళకి ఆయన పేరుతో ఒక పురస్కారం ఇస్తోంది. మొదటిది లాలా అమర్‌నాథ్‌కి ఇచ్చారు. 1933లో మన గడ్డ మీద జరిగిన మొదటి టెస్టులో అమర్‌నాథ్ సెంచరీ కొట్టినప్పుడు, అవతలి వైపు నిలబడి తోడు ఇచ్చిన కెప్టెన్ నాయుడు గారే.